పచ్చిగడ్డి వామి

దూరపు కొండలు నునుపు అంటారు. దగ్గరికి వెళ్లి చూడండి పిల్లలూ, అన్నీ రాళ్లే. హిమాలయాల్లోని తెల్లబండ కొండ కూడా అంతే. దాని కింద దేవదారు అడవి ఉంది. అడవి దాటి పైకి ఎక్కితే చెట్టనేది కనిపించదు. గాలి పలచన, చలి ఎక్కువ. అక్కడి రాళ్ల గుట్టల సందుల్లో పికాలు కాపురం ఉండేవి.

పికా కుందేలుకు చుట్టం. గుప్పెడంత ఒళ్లు, గుండ్రటి చిన్న చెవులు, తోక ఉన్నట్టే తెలియదు. పక్క బొరియల్లో మార్మట్లు ఉండేవి. అవి లావుపాటి ఉడుతల్లాంటి జంతువులు. ఎండాకాలమంతా తిని ఒళ్లు చేసి, మంచు పడగానే వసంతం దాకా నిద్రపోతాయి. పికాలకు ఆ అదృష్టం లేదు. వాటికి ఆ పెద్ద నిద్ర రాదు. చలికాలంలోనూ రోజూ తినాలి, బయట చూస్తే పచ్చిపరక ఉండదు. అందుకే వానలు తగ్గాక గడ్డి కోసి, రాళ్ల మీద ఎండబెట్టి, బండ కింద వామి వేసుకుంటాయి. ఆ వామే వాటి ప్రాణం.

ఆ గుట్టలో చురుకన్న అనే పికా ఉండేవాడు. అతని భార్య మొలకమ్మ. వానాకాలంలో ఒక డేగ ఆమెను తన్నుకుపోబోయింది. ప్రాణం దక్కింది కానీ వెనక కాలు విరిగింది. రాళ్ల మీద గెంతలేదు, గడ్డి కోసుకోలేదు. ఆ చలికాలం ఆమె బతకాలంటే చురుకన్న వేసే వామి ఒక్కటే దిక్కు.

"నీకెందుకు భయం? ఈ కొండ మీద ఎవరూ వేయనంత పెద్ద వామి వేస్తాను" అన్నాడు చురుకన్న.

వేశాడు కూడా. పికాల ఒంటికి ఎండ పడదు. మధ్యాహ్నం ఎండలో ఎక్కువసేపు తిరిగితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని మిగతావి పొద్దునా సాయంత్రం మాత్రమే పని చేసేవి. చురుకన్న ఎండెక్కినా ఆగేవాడు కాదు. తీపి చిగుళ్లు, పూలు నోటినిండా కరుచుకుని తెచ్చి పేర్చేవాడు. దారిన పోయే పికాలు ఆగి, "అబ్బ, వామంటే ఇదీ!" అనేవి. ఆ మాట చెవిన పడితే చాలు, అతనికి కడుపు నిండిపోయేది.

పక్క బండ కింద రాళ్లవ్వ అనే ముసలి పికా ఉండేది. ఆమె వామి చిన్నది. గడ్డిని రోజుల తరబడి ఆరేసేది, తిరగేసేది, మబ్బు పడితే లోపలికి లాగి మళ్లీ పరిచేది. పొరకీ పొరకీ మధ్య చేదాకు వేసేది. చేదాకు పచ్చిగా తింటే కడుపులో తిప్పుతుంది. కానీ అది ఉన్నచోట గడ్డికి బూజు పట్టదు. చలికాలం చివరికి దాని చేదు కూడా విరిగి, తినడానికి పనికొస్తుంది.

ఒకరోజు రాళ్లవ్వ ఉండబట్టలేక అడిగింది.

"నాయనా, కోసింది కోసినట్టే పేరుస్తున్నావు. ఎండబెట్టవా?"

"ఎండితే సగానికి సగం అణిగిపోతుంది అవ్వా. అప్పుడు దీన్ని ఎవరు చూస్తారు?"

"పోనీ చేదాకైనా వెయ్యి."

"చేదాకు తినే గతి మాకింకా పట్టలేదులే!"

లోపలి నుంచి మొలకమ్మ అంది. "ఏమయ్యా, అవ్వ మాట విను. కాస్త ఆరనివ్వు."

"కూర్చుని తినేదానివి, నీకేం తెలుసు?" అన్నాడు చురుకన్న.

ఆ తర్వాత మొలకమ్మ వామి ఊసెత్తలేదు. కాలు విరిగి ఒకరి మీద ఆధారపడ్డది ఏమని ఎత్తుతుంది? చురుకన్న మీద నాకు కోపం వచ్చింది ఇక్కడే.

మంచు పడింది. పైన మంచు దుప్పటిలా కప్పుకుంటే రాళ్ల సందుల్లో చలి మరీ అంతగా ఉండదు. మొదటి కొన్ని రోజులు ఇద్దరూ వామి పైపొర తిన్నారు. ఆ తర్వాత చురుకన్న లోపలికి తవ్వాడు. గుప్పుమని కంపు కొట్టింది. లోపలి గడ్డి ఉడికి, నల్లబడి, బూజు పట్టింది. అడుగు దాకా తవ్వాడు. అడుగున ఇంకా నల్లగా ఉంది. పైన పటారం, లోన లొటారం. వసంతానికి ఇంకా నాలుగు నెలలు ఉన్నాయి.

"పర్లేదు, తినొచ్చు" అంటూ మొలకమ్మ బూజు గడ్డే తింది. పది రోజులకు లేవలేకపోయింది.

చురుకన్న మంచు కింద సొరంగం తవ్వుకుంటూ రాళ్లవ్వ దగ్గరికి వెళ్లాడు.

"అవ్వా, నువ్వు చెప్పినట్టు చేయలేదు. మొలకమ్మ చచ్చిపోతోంది. ఇంత గడ్డి పెట్టు."

రాళ్లవ్వ తన వామి వంక చూసుకుంది. "ఇది ఒక్క నోటికి వేసుకున్నది నాయనా. మీ ఇద్దరికీ పెడితే ముగ్గురమూ పోతాం. ఐదు రోజులకు సరిపడా తీసుకుపో. అంతకు మించి నా వల్ల కాదు."

చురుకన్న నోటికి పట్టినంత ఎండుగడ్డి కరుచుకుని బయల్దేరాడు. ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి. అయినా దారిలో ఒక్క పరక మింగలేదు.

మొలకమ్మ వామి పక్కనే ముడుచుకుని పడి ఉంది. ఒళ్లు చల్లబడింది. మూతికి నల్లటి బూజు అంటుకుని ఉంది. చురుకన్న పడుకునే చోట గుప్పెడు మంచి గడ్డి కనిపించింది. కుళ్లిన వామిలోంచి ఒక్కో పరకా ఏరి, ఆమె అతని కోసం దాచి ఉంచింది.

అవ్వ ఇచ్చిన గడ్డి, ఆ గుప్పెడు గడ్డి, రాళ్ల మీది పాచి. వాటితో చురుకన్న బతికాడు. దాన్ని బతుకనాలంటే నాకు నోరు రావడం లేదు.

మంచు కరిగింది. రాళ్లవ్వ బయటికి వచ్చి లేత ఎండలో కూర్చుంది. పికాలు ఒక్కొక్కటే సందుల్లోంచి బయటికి వచ్చాయి. చురుకన్నను చూసి, "ఏం బావా, ఆ పెద్ద వామి ఇంకా మిగిలే ఉందా?" అని అడిగాయి.

"మిగిలింది" అన్నాడు చురుకన్న. "అది నా పెళ్లాన్ని తినేసింది."

నీతి: చూసేవాళ్ల కోసం పేర్చింది తినాల్సినవాళ్లకు దక్కదు.