పీత పట్టు

సన్యాసమ్మను ఏదైనా అడిగితే వెంటనే జవాబు వచ్చేది కాదు. చేతిలో పని అయ్యేదాకా ఆగాల్సిందే. ఒక్కోసారి ఆ పనే జవాబయ్యేది. సముద్రం ఒడ్డున ఆ పల్లెలో ఇప్పుడు రెండు మందుల షాపులున్నాయి, నడుముకి రాసుకునే మందు గొట్టాలు రంగురంగులవి దొరుకుతున్నాయి. ఆ రోజుల్లో మాత్రం ఎవరికి మెడ పట్టినా, నడుము పట్టినా సన్యాసమ్మ చేతులే దిక్కు. మూకుట్లో ఉప్పు వేగే వాసన తగిలితే చాలు, నూకరత్నానికి ఈనాటికీ ఆ చేతులే గుర్తొస్తాయి.

అప్పటికి రత్నం ఆమె దగ్గర పని నేర్చుకోబట్టి ఏడాది. వేళ్ళలో బలముంది, మనసులో తొందరుంది. ఒక పొద్దున్న, సన్యాసమ్మ వాకిట్లో పీతలు బాగుచేస్తుంటే, పక్కన కూచుని అడిగింది.

"మామ్మా, పట్టేసిన నడుము ఎంత నొక్కినా వదలదేం? ఇంకా బిగుస్తాదేం?"

"ఎవర్ది?"

"ఎవర్దీ కాదు. ఊరికే."

ఊరికేం కాదు. చేపల గంప ఎత్తబోయి పోలమ్మకి నడుము పట్టేస్తే, నిన్న గురువు ఇంట్లో లేని వేళ చూసి రత్నమే వెళ్ళింది. ఎంత నొక్కినా వదలకపోయేసరికి పంతం వచ్చి, మోకాలు మోపి బలమంతా పెట్టింది. పోలమ్మ పెట్టిన కేకకి కాకులు లేచిపోయాయి. ఒంగిన మనిషి ఒంగినట్టే మంచమెక్కింది. ఇది తెలిస్తే మామ్మ ఇంకెవరి ఒంటిమీదా చెయ్యి వెయ్యనివ్వదు. రత్నానికి ఆ పని తప్ప ఇంకేదీ రాదు. ఇంకేదీ వద్దు కూడా.

సన్యాసమ్మ తలెత్తలేదు. "ఆ బుట్టలోంచి ఇంకో పీతని తియ్యి," అంది.

రత్నం ధ్యాస ఇక్కడుంటేగా! పట్టుకోవలసిన చోట పట్టుకోలేదు. పీత చూపుడువేలు పట్టేసింది. "ఓలమ్మో!" అని విదిలిస్తే గాల్లో ఊగుతూ ఇంకా గట్టిగా పట్టింది. రెండో చేత్తో లాగితే రక్తమొచ్చింది.

"లాగకే గుంటా! నీకంటే దానికే ఎక్కువ భయం." సన్యాసమ్మ ఆమె మణికట్టు పట్టుకుని ఉప్పునీళ్ళ తొట్టిలోకి దించింది. "కదపకు."

"నొప్పెడతంది మామ్మా!"

"నొప్పెట్టనీ. దాని కాళ్ళకి అడుగు తగలనీ."

పీత కాళ్ళు తొట్టి అడుగుని తడుముకున్నాయి. ఒకటి ఆనింది, ఇంకొకటి ఆనింది. అంతే, దానంతటదే వేలు వదిలి పక్కకి జరిగిపోయింది.

రత్నం చెయ్యి పైకి తియ్యలేదు. నీళ్ళవైపే చూస్తూ, "పోలమ్మత్త నడుం మీద మోకాలెట్టీసినాను మామ్మా," అంది.

సన్యాసమ్మ తిట్టలేదు. చేతులు కడుక్కుని, "నడు," అంది.

రత్నాన్ని గుమ్మంలో చూడగానే పోలమ్మ లబలబలాడింది. "దాన్ని నా దగ్గరికి రానీకప్పా! నా నడుమనుకుందో, రుబ్బురోలనుకుందో!"

"ఇయ్యాల నొక్కదులే," అని సన్యాసమ్మ గోడకి చేరగిలబడింది. పని రత్నానికే వదిలేసింది.

రత్నం చాప పరిచి, పోలమ్మను మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టింది. ఖాళీ గంప బోర్లించి, దానిమీద బొంత మడిచి వేసి, మోకాళ్ళు వంచి పిక్కలు దానిమీద ఆనించింది. వేయించిన ఉప్పు మూటగట్టి, ముందు తన చెంపకి ఆనించి వేడి చూసుకుని, నడుము కింద కాపడం పెట్టింది.

"ఊపిరి నిదానంగా వదులత్తా. నువ్వు మొయ్యకు. నేల మోస్తాది."

"నేల మోస్తాదంట! పుట్టినకాణ్ణుంచి నాను మోత్తన్నాను, నన్నెవలు మోసేరే?"

అన్నది గానీ, ఊపిరి వదిలింది. మళ్ళీ వదిలింది. తిట్లు పలచబడ్డాయి. మూటకీ నడుముకీ మధ్య ఉన్న సందు కొంచెం కొంచెంగా పూడింది. చాలాసేపటికి పోలమ్మ తనే పక్కకి ఒత్తిగిలి, రత్నం భుజం ఆసరాగా లేచి, నాలుగడుగులు వేసింది. పూర్తిగా నిటారు కాలేదు. అయినా ముఖంలోకి కళ వచ్చింది.

"రేపూ రాయే," అంది. "మోకాళ్ళు మాత్రం మీ ఇంటికాడ ఒగ్గేసి రా."

తిరిగొస్తుంటే రత్నం ఉండబట్టలేకపోయింది. "నీకు ముందే తెలుసా మామ్మా?"

"పోలమ్మ కేక పక్కూరికి వినబడింది."

"మరి పొద్దున్న నన్ను అడగలేదేం?"

సన్యాసమ్మ ఇసకలో ఇంకొంత దూరం నడిచింది.

"అడిగితే చెప్పేదానివా?" అంది.