బజార్లోనే మోగే గేరు

"గేరు మార్చినప్పుడల్లా బండి కరకరమంటోంది. నువ్వే చెడగొట్టావురా! రేపు నీ షెడ్డు పీకిస్తా!" అని ఊరిపెద్ద కోదండపాణి మెకానిక్ మస్తాన్ మీద విరుచుకుపడ్డాడు.

మస్తాన్‌కీ ఒళ్లు మండింది. ఆయన్నే నడపమని వెనక కూర్చున్నాడు. పొలాల దారిలో చప్పుడే లేదు. బజార్లోకి రాగానే కరకర మొదలైంది.

గేరు మార్చాలంటే ఎడమచేత్తో క్లచ్ నొక్కాలి కదా? ఆయనేమో క్లచ్ వదిలేసి, ఆ చెయ్యెత్తి జనం దండాలు అందుకుంటూనే కాలితో గేరు మారుస్తున్నాడు!

"బండి బాగానే ఉందయ్యా," అన్నాడు మస్తాన్ కోపం దిగమింగి. "మీకెవరూ దండం పెట్టొద్దని చాటింపు వేయించండి, చప్పుడు పోతుంది. నా షెడ్డే పీకిస్తానంటారా, ఎందుకని అడిగినవాళ్లందరికీ ఈ సంగతే చెప్తాను."

కోదండపాణి పళ్లు నూరాడు. షెడ్డు జోలికి మాత్రం పోలేదు. మర్నాటి నుంచి ఎవరు దండం పెట్టినా తలే ఊపేవాడు.