శొంఠి చేసిన నేరం

సింగవరం ఏలిన మల్లభూపతికి ఆ ఏడు లెక్కల పిచ్చి పట్టింది. కిందటేడు పావురాల పిచ్చి. అదే నయం, పావురాలు ఎవరి జోలికీ పోలేదు.

వానాకాలం రాగానే పట్నంలో జ్వరాలు మొదలయ్యాయి. "ఈ జ్వరాలకు కారణమేమిటో లెక్కగట్టి చెప్పండి!" అన్నారు రాజుగారు నిండు కొలువులో.

ఆస్థాన గణకుడు భావయ్యకు కావలసిందీ అదే. ఏ అంగట్లో ఏ సరుకు ఎంత పోతోందో, ఏ ఇంట్లో ఎవరు మూలుగుతున్నారో మనుషులను పంపి ఆరా తీయించాడు. ఆపైన మీసం దువ్వుకుంటూ కొలువుకు వచ్చాడు.

"ప్రభూ! శొంఠి ఎక్కువగా అమ్ముడైన వీధుల్లోనే జ్వరాలు ఎక్కువ. శొంఠి కొనని వీధుల్లో జ్వరమన్న మాటే లేదు. కనుక జ్వరానికి కారణం శొంఠే!"

రాజుగారు ఆహా అన్నారు. శొంఠి కొట్లన్నిటికీ తాళాలు వేయించమన్నారు. అందరికంటే ఎక్కువ అమ్మిన కామక్కను కొలువుకు పిలిపించి, మర్నాడు పొద్దుగూకేలోగా ఊరు విడిచి పొమ్మన్నారు.

కామక్క బావురుమంది. "నేనేం పాపం చేశాను దొరా! ఈ వయసులో ఎక్కడికి పోను?"

"లెక్కకు ఎదురు చెబుతావా?" అని గదిమాడు భావయ్య.

రాజుగారి ఊరేగింపుల ఏర్పాట్లు చూసే బొప్పనకు ఒళ్లు మండిపోయింది. మొన్న తన కూతురు చలిజ్వరంతో వణికిపోతుంటే శొంఠి కషాయం కాచి తాగించింది ఆ కామక్కే. కానీ రాజుగారికి కొత్త పిచ్చి ముదిరినప్పుడు ఎదురుగా కాదంటే మెడ మీద తల ఉండదు. అందుకే దివాణంలో చేయవలసిన పనొకటి చేసి, ఇంటికి పోయాడు.

మర్నాడు తాళాలు సరిగా పడ్డాయో లేదో చూస్తానంటూ రాజుగారు హడావుడిగా గుర్రమెక్కారు. పక్కనే తాళంచెవుల గుత్తితో భావయ్య, వెనకే బొప్పన. ఆ తొందరలో వెంట గొడుగు లేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. సరిగ్గా, మూటాముల్లెతో కామక్క తన కొట్టు ముందు నిలబడ్డ చోటికి రాగానే వాన దంచికొట్టింది.

"బొప్పనా! గొడుగేదీ?"

"గొడుగులన్నీ గదిలో పెట్టి తాళం వేయించాను ప్రభూ."

"మతి పోయిందా నీకు?"

"లేదు ప్రభూ, లెక్కగట్టాను. జనం గొడుగులు విప్పిన రోజునే వాన పడుతోంది. విప్పని రోజు చుక్క రాలడం లేదు. కనుక వానకు కారణం గొడుగులే!"

నిలువునా తడిసిన భావయ్యకు చిర్రెత్తుకొచ్చింది. "మూర్ఖుడా! వాన పడితే గొడుగు విప్పుతారు గానీ, గొడుగు విప్పితే వాన పడుతుందటయ్యా?"

బొప్పన చేతులు కట్టుకుని వినయంగా వంగాడు.

"అయ్యా, ఆ మాటే ఇంకొక్కసారి చెప్పండి. వాన బదులు జ్వరం, గొడుగు బదులు శొంఠి పెట్టి!"

భావయ్య నోరు తెరిచాడు. పెద్ద తుమ్ము వచ్చింది.

రాజుగారి మొహం ఎర్రబడింది. కాసేపటికి పెదవులు వణికాయి. అది కోపం కాదు, నవ్వు. "అయితే ఇన్నాళ్ల లెక్కంతా దండగేనా?" అన్నారు.

"లెక్క బంగారం ప్రభూ, దాన్ని తిరగేసి చదివాం. శొంఠి ఏ వీధిలో ఎక్కువ పోతోందో వైద్యులను ముందు ఆ వీధికే పంపండి. రోగి కబురు పెట్టేలోగా కొట్టే కబురు చెబుతుంది. కొట్టు మూస్తే ఆగేది జ్వరం కాదు, కబురు!"

రాజుగారు తన వేలి ఉంగరం తీసి బొప్పన వేలికి తొడిగారు. కామక్క ఇక్కడే ఉంటుందని ఆ వానలోనే చాటించారు. ఆవిడ కళ్లు తుడుచుకుంటుండగా భావయ్య వణుకుతూ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"కామక్కా, కాస్త శొంఠి కషాయం దొరుకుతుందా?"

"నాదేముంది బాబూ, తాళంచెవి తమ దగ్గరే ఉందిగా!"

వీధంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది రాజుగారే.