పరుపులో గడ్డ

దస్తగిరి స్వామిని ఏదైనా అడిగితే జవాబు దొరకదు, పని దొరుకుతుందని ఆయన శిష్యులు నవ్వుతూ చెప్పుకుంటారు. ఆయన దూదేకులాయన. పగలంతా పరుపులు కుట్టుకుంటాడు, సాయంత్రం పదిమందిని కూర్చోబెట్టుకొని తత్వాలు పాడతాడు. మఠం లేదు, పీఠం లేదు, మార్కెట్ యార్డు వెనక రేకుల కొట్టం ఒకటుంది. నిజంగా అవసరమున్నవాడు అంతదాకా నడిచొస్తాడులే అంటాడు.

ఆ రోజు ఓబులేసు నడిచొచ్చాడు. నడవడమంటే నాలుగడుగులకొకసారి గోడ పట్టుకోవడం. ఇరవై రెండేళ్లు బియ్యం మిల్లులో హమాలీగా బస్తాలు మోసిన మనిషి. డెబ్బై ఐదు కిలోల బస్తాను ఎవరి సాయమూ లేకుండా వీపున వేసుకుంటాడని పేరు. మూడేళ్ల కిందట వెన్నుపూస జారింది. పేరు మిగిలింది, నడుం పోయింది.

కొట్టం ముందు నీడలో నాగేంద్రమ్మ అనే ఆమె చుట్టిన పరుపు పక్కన పెట్టుకొని కూర్చుంది. లోపల స్వామి దూది ఏకుతున్నాడు, ఏకే విల్లు మోత ఆగేదాకా ఎవరైనా ఆగాల్సిందే. ముక్కూ మొహం తెలియనివాళ్లకు బాధ చెప్పుకోవడం తేలిక గనక ఆమె ఓబులేసుకు చెప్పుకుంది. పోయినేడు స్వామి స్వయంగా కుట్టిచ్చిన పరుపే ఇది. మధ్యలో దూది గడ్డ కట్టింది. మంచాన పడిన తండ్రి వీపు కింద అది రాయిలా తగులుతోంది, ముసలాయనకు కంటిమీద కునుకు లేదు. అంత పెద్దాయనకు ఆ మాట ఎట్లా చెప్పేదని ఆమె దిగులు. ఓబులేసు ఆమెకు ధైర్యం చెప్పాడు. ఇంకొకరికి ధైర్యం చెప్పడంలో అతను ఎప్పుడూ వెనకాడలేదు. మోత ఆగగానే ఆమె, నువ్వే ముందు పో అన్నా, అని తప్పుకుంది.

"స్వామీ, బాధ ఓర్చుకొని నోరు మూసుకునేటోడు గొప్పోడా, నలుగురిలో చెప్పుకొని చెయ్యి చాపేటోడు గొప్పోడా?" అని అడిగాడు ఓబులేసు. తనకు కావలసిన జవాబును ప్రశ్నలోనే పెట్టుకొచ్చాడు. స్వామి విల్లు పక్కన పెట్టి, ఏం జరిగిందప్పా అన్నాడు.

చెప్పడానికి ఓబులేసుకు మొహం చెల్లలేదు. తల వంచుకొని, చాప మీద పడిన దూది పింజలు ఏరుతూ చెప్పాడు. వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి రాసే సదరం శిబిరానికి పోయిన వారం వెళ్లాడు. అడగందే అమ్మైనా పెట్టదని భార్య సుంకమ్మ పోరగా పోరగా వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొని మరీ వెళ్లాడు. వరుసలో ముందు రెండు కాళ్లూ లేనివాడు, వెనక చూపు లేని ముసలమ్మ. కాళ్లూ చేతులూ చక్కగా ఉన్న తాను వాళ్ల మధ్య దొంగలా నిలబడ్డాడు. నీకేమైందన్నా అని ఎవరో అడిగితే, ఊరికే తోడొచ్చానన్నాడు. తన వంతు వచ్చేసరికి మిల్లు మేస్త్రి, ఏ పని మీద వచ్చాడో గానీ, తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. డాక్టరు వంగమన్నాడు. నొప్పి వస్తే అక్కడే ఆగి చెప్పమని కూడా అన్నాడు. ఓబులేసు పళ్లు బిగబట్టి వంగి, వేళ్లతో నేల తాకాడు. నొప్పుందా అంటే, అంత లేదు సార్ అన్నాడు. నలభై శాతం ఉంటేగాని పింఛను రాదు. పది రాశారు. ఇంటికొచ్చి రెండు రోజులు పక్క మీంచి లేవలేదు.

"సుంకమ్మ ఏమనె?" అన్నాడు స్వామి.

ఏమీ అనలేదు. మిల్లులో ఇతని బదులు ఆమే తవుడు బస్తాలు ఈడుస్తోంది. నిన్న పొద్దుగూకి వచ్చి, నడుం పట్టుకొని గడపలో అట్లాగే నిలబడిపోయింది. అది చూసి ఓబులేసు గోడవైపు తిరిగి పడుకున్నాడు. బుధవారం మళ్లీ శిబిరముంది, అర్జీ పెట్టుకుంటే ఇంకోసారి చూస్తారట. స్వామి ఒక్కసారి వద్దంటే చాలు, పరువు దక్కుతుంది.

స్వామి బయట ఉన్న నాగేంద్రమ్మను పిలిచాడు. తన మాట పక్కన పెట్టేశాడని ఓబులేసుకు మనసు చివుక్కుమంది.

ఆమె పరుపు పరిచింది. ఏమైందమ్మా దీనికి అని స్వామి అడిగితే, ఆమె ఆయన మొహం చూసింది, చేతులు చూసింది. "ఏం కాలేదు తాతా, బాగుంది. ఊరికే నీకు చూపిచ్చిపోదామని తెచ్చినా," అంది.

స్వామి ఈ చివర నుంచి ఆ చివరిదాకా పరుపు మీద అరచెయ్యి నడిపాడు. బాగుంటే సరే తల్లీ అని, చుట్టి తాడు కట్టి ఇచ్చేశాడు. ఆమె నెత్తిన పెట్టుకొని గుమ్మందాకా వెళ్లింది కూడా.

ఓబులేసు ఉండబట్టలేకపోయాడు. "స్వామీ, దాంట్లో గడ్డ ఉంది. ఆయమ్మ మొగమాటానికి చెప్తా లేదు," అని, ఆమె వైపు తిరిగి కాస్త కోపంగానే అన్నాడు: "ఆయనే అడుగుతాంటే చెప్పొద్దామ్మా? ఇంత దూరం మోసుకొచ్చింది దేనికి మరి?"

స్వామి పరుపు దింపించి, విప్పి, కుట్టు కోసి, చెయ్యి లోపల పెట్టాడు. యాభై ఏళ్లు దూదిలో ఆడిన చెయ్యి ఎక్కడా తడుముకోలేదు, తిన్నగా వెళ్లి కోడిగుడ్డంత ఉండను బయటికి తీసింది. నాగేంద్రమ్మ తలెత్తలేదు. మంచాన ఉన్న నాయనకు అది వీపులో గుచ్చుకుంటోందని, అయినా తాత కుట్టినదానికి వంక పెట్టడానికి నోరు రాలేదని గొణిగింది. స్వామి ఆ దూదిని ఏకి, మెత్తన చేసి, లోపల సర్ది, దబ్బనంతో కుట్టి పంపించాడు.

ఓబులేసు తన జవాబు కోసం కాసేపు కూర్చున్నాడు. మళ్లీ అడుగుదామని నోరు తెరిచి, ఆ తల్లిని తానన్న మాటలు చెవుల్లో మోగడంతో మూసుకున్నాడు.

స్వామి దబ్బనాన్ని గుడ్డకు గుచ్చి, బజారు మలుపు తిరుగుతున్న ఆమెను చూస్తూ అన్నాడు: "మొగమాటం ఆయమ్మది. గడ్డ మీద పండుకునింది వాళ్ల నాయన."