నాగలింగం గీసిన ‘అ’

ఆ నెలంతా నాగలింగం కాళ్లు నేల మీద ఆనలేదు. పెన్న ఒడ్డున ఓబులయ్య స్వామి ఆశ్రమంలో ఎవరు పలకరించినా, సగం మాట వినకుండానే జేబులోంచి తన అక్షరాల కాగితం తీసి చూపించేవాడు.

కారణం లేకపోలేదు. స్వామివారి గురువు పాడిన తత్వాలన్నీ అతను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అదీ అందరికీ దొరికే అక్షరాలతో కాదు. ఒక్కొక్క అక్షరాన్నీ తానే గీసి, సొంతంగా ఫాంటు తయారుచేసుకున్నాడు. తలకట్లు పడగ విప్పినట్టుండేవి. చూసినవాళ్లంతా కళ్లకద్దుకున్నారు. ఇక స్వామి సరేనంటే పుస్తకం అచ్చుకు పోతుంది.

స్వామికి చూపు పోయి చాలా ఏళ్లయింది. గురువు తత్వాలు మళ్లీ తనంతట తాను చదువుకోవాలని ఆయనకెంత ఆశో ఆశ్రమంలో అందరికీ తెలుసు. ఆయన దగ్గర ఒక ఫోను ఉండేది. తెలుగులో ఏది పంపినా పైకి చదివి వినిపించేది.

“సామీ, ఇట్లాంటి అక్షరాలు ఈ జిల్లాలోనే లేవంటుండారు,” అన్నాడు నాగలింగం.

“అట్లనా? ఒక్కటి పంపు నాయనా. ‘అ’ చాలు.”

పంపాడు. స్వామి ఫోను తడిమాడు.

“ఎల్,” అంది ఫోను.

ఫోనుకు తెలివి చాలదని నవ్వేసి, నాగలింగం మొదటి తత్వం మొత్తం పంపాడు. “ఎల్, స్టార్, జెడ్, బ్రాకెట్” అంటూ ఫోను చదువుకుంటూ పోయింది. గురువు మాట ఎక్కడైనా తగులుతుందేమోనని స్వామి చెవి ఒగ్గి, చివరిదాకా విన్నాడు. ఆ ముఖం చూడలేక నాగలింగం తల తిప్పుకున్నాడు.

“ముస్తాబు బాగుందంటుండారు గదా,” అన్నాడు స్వామి నెమ్మదిగా. “లోపల ఉండేదెవురు?”

జవాబు నాగలింగానికి తెలుసు. కంప్యూటర్‌కు ఆకారాలు తెలియవు, అంకెలే తెలుసు. ఏ అక్షరానికి ఏ అంకో లోకమంతా కలిసి ఒప్పుకుంది. తెలుగు ‘అ’కు మూడువేల డెబ్భై ఏడు. దాన్నే ఒకట్లూ సున్నాలుగా మార్చి యంత్రం దాచుకుంటుంది. తానేమో సులువు చూసుకుని, ఇంగ్లీషు ‘ఎల్’ అంకెకు తన ‘అ’ బొమ్మ తొడిగాడు. తన కంప్యూటర్‌లో అది ‘అ’. గడప దాటితే ‘ఎల్’.

మర్నాడు మళ్లీ మొదలుపెట్టాడు. ప్రతి అక్షరాన్నీ దాని అంకె మీదే కూర్చోబెడుతూ తత్వాలన్నీ కొత్తగా టైపు చేశాడు. తన ఫాంటు జోలికే పోలేదు. మామూలు అక్షరాలతోనే తెచ్చి, తల వంచుకుని స్వామికి పంపాడు.

ఫోను చదవసాగింది. రాగం లేదు, తాళం లేదు. అయినా రెండో పాదానికల్లా స్వామి పెదవులు కదిలాయి. మూడో పాదం ఫోను కంటే ముందే పాడేశాడు. ఆ గొంతు విని వంటింట్లోవాళ్లు గరిటెలతో సహా వచ్చి నిలబడ్డారు.

“మా గురువును నాకు మళ్లీ తెచ్చిచ్చినోడు వీడే. మా నాగలింగం!” అన్నాడు స్వామి, అందరికీ వినబడేలా. ఆయన అంత గర్వంగా మాట్లాడటం ఎవరూ ఎరగరు.

నాగలింగం కళ్లు తుడుచుకుని ఆయన కాళ్లకు మొక్కాడు.

“సామీ, ఇట్లనే, ఈ మామూలు అక్షరాలతోనే అచ్చుకు ఇచ్చేద్దామా?”

స్వామి అతని తల తడిమి నవ్వాడు.

“ఇప్పుడు చెయ్యి నాయనా, ముస్తాబు.”