జరీ అస్తరు వేసిన ఒర

నల్లకోన అని ఒక రాజ్యం ఉండేది. ఇప్పుడు వెతికినా దొరకదు, దొరక్కపోవడమే మంచిదైంది. దాన్ని రణభైరవ రాయలు ఏలేవాడు. ఆయనకు తనమీద తనకు ఎంత గౌరవమంటే, ఆయన తుమ్మినా భట్రాజులు పద్యం అందుకోవాలి.

ఆయన తాతగారి కత్తి ఒకటుండేది. తాతగారు దానితో యుద్ధాలు చేశాడు. మనవడు దాన్ని కొలువులో చీటికీ మాటికీ సర్రున దూసి, జనం ఉలిక్కిపడ్డాక ఠక్కున ఒరలో దోపేసేవాడు. ఆయన పరాక్రమం అక్కడితో సరి.

కోటకు ఒరలు చేసేవాడు ఓబన్న. చెక్కను రెండు బద్దలుగా తొలిచి, కత్తి తగిలే లోపలివైపు మెత్తటి గొర్రెతోలు అస్తరు వేసి, బద్దలు అతికించి, పైన మఖమలు తొడిగేవాడు. ఒక ఏడు రాయలకు కొత్త ఊహ పుట్టింది.

"మా తాతగారి కత్తి గొర్రెతోలు మీద పడుకోవడమేమిటి? లోపల జరీ అస్తరు వెయ్యి. మంచి బంగారు తీగ జరీ."

"తీగ కత్తిని గీస్తుంది ప్రభూ. జరీ పైకి వేద్దాం, నలుగురూ చూస్తారు," అన్నాడు ఓబన్న.

"నువ్వు నాకు చెప్పేవాడివా?"

ఓబన్న నోరు మూసుకుని చెప్పినట్టే చేశాడు. మహర్నవమి ఆయుధపూజలో కత్తి దూసి ఎండలో పట్టి చూస్తే, కత్తి పొడుగునా గీతలే. పనితనం లేని చెయ్యి ఉండి ఏం లాభమన్నాడు రాయలు. ఓబన్న కుడిచెయ్యి మణికట్టు దగ్గర తీయించేశాడు. కొలువులో ఉన్నవాళ్ళెవరూ నోరు మెదపలేదు. విదూషకుడు కొమ్మయ్య కూడా మెదపలేదు. రాజును నవ్వించడం అతని ఉద్యోగం. ఆ రోజు నవ్వించే మాటేదీ అతనికి తోచలేదు.

తరువాత కత్తికి మెరుగు పెట్టించారు. కొత్త ఒర చెయ్యమని ఓబన్న తమ్ముడు లింగన్నకు ఆజ్ఞ వచ్చింది. ఈసారి జరీ ఇంకా చిక్కగా ఉండాలట. అన్న పల్చగా వేసినందుకే కత్తి గీసుకుపోయిందట. ఇలాంటి తర్కానికి ఎవరు మాత్రం ఏం బదులు చెబుతారు? లింగన్న తన అన్న మొండిచేతి వంక చూశాడు. చిక్కటి జరీ వేశాడు.

మళ్ళీ మహర్నవమి వచ్చింది. రాయలు కత్తి దూశాడు. గీతలు పోయినేటికంటే ఎక్కువున్నాయి.

"రేపు కొలువు తీరగానే వీడి చెయ్యి కూడా తీయండి," అన్నాడు రాయలు.

ఆ సాయంత్రం ఓబన్న వచ్చి కొమ్మయ్య గుమ్మంలో కూర్చున్నాడు.

"అయ్యా, నా చెయ్యి పోయాక ఇంటిల్లిపాదీ మా తమ్ముడి చేత్తోనే తింటున్నాం. అదీ పోతే అడుక్కోవడానికి మాకు ఎడమచేతులే మిగుల్తాయి."

"రాయలకు ఎదురుచెబితే పోయేది చెయ్యి కాదు ఓబన్నా, తల."

"నిరుడు మీరు ఒక్క మాట అనుంటే బాగుండేదయ్యా," అన్నాడు ఓబన్న. కోపంగా కూడా అనలేదు.

కొమ్మయ్యకు సిగ్గేసింది. లోపలికి వెళ్ళి, ఉగాదికి రాయలు బహూకరించిన జరీ బట్ట పెట్టెలోంచి తీశాడు. దర్జీని పిలిపించి, రాత్రికల్లా అంగీ కుట్టమన్నాడు. జరీ అంతా లోపలికి రావాలి, అంగీ ఒంటికి బిర్రుగా ఉండాలి అన్నాడు. అయ్యగారికి మతి పోయిందనుకుంటూనే దర్జీ కుట్టిచ్చాడు. కొమ్మయ్య దాన్ని తొడుక్కునే పడుకుని తెల్లవార్లూ దొర్లాడు.

మర్నాడు కొలువు తీరింది. లింగన్నను మొద్దు ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, చెయ్యి దానిమీద చాపించి కట్టేశారు. తలారి సిద్ధంగా ఉన్నాడు. ఓబన్న జనంలో నిలబడి ఉన్నాడు. అప్పుడొచ్చాడు కొమ్మయ్య, ఒళ్ళంతా గోక్కుంటూ, వంకర్లు తిరుగుతూ.

"ఏమయ్యా, గజ్జి పట్టిందా?" అన్నాడు రాయలు.

"తమరిచ్చిన జరీ బట్ట పట్టింది ప్రభూ. అంత గొప్ప బట్టను ఊరి కళ్ళలో పడెయ్యడం ఇష్టంలేక, జరీ లోపలికి పెట్టి కుట్టించుకున్నాను."

కొమ్మయ్య అంగీ విప్పాడు. ఛాతీ నిండా, వీపు నిండా ఎర్రటి గీతలు. కొన్నిచోట్ల నెత్తురు కూడా వచ్చింది.

"ఆ దర్జీని బయట నిలబెట్టాను ప్రభూ. లింగన్న పని కాగానే, అదే మొద్దు మీద వాడి చెయ్యి కూడా తీయించండి."

రాయలు పకపకా నవ్వాడు. "ఓరి వెర్రివాడా, దర్జీ ఏం చేశాడయ్యా? జరీ పైకి ఉండాలని పసిపిల్లలకు కూడా తెలుసు. లోపలికి వెయ్యమన్నది నువ్వు. తప్పు వెయ్యమన్నవాడిది గానీ కుట్టినవాడిది కాదు. పో, వాణ్ణి వదిలెయ్."

"ఇది తమ తీర్పేనా ప్రభూ?"

"నా తీర్పే. నిండు కొలువులో చెబుతున్నాను."

"చిత్తం." కొమ్మయ్య తలారి వైపు తిరిగాడు. "ఏలినవారి తీర్పు విన్నావుగా. లింగన్న కట్లు విప్పు."

తలారి రాయల వంక చూశాడు. రాయలు తాతగారి కత్తి దూసి, అలాగే చేతిలో పట్టుకుని కొమ్మయ్య దగ్గరకొచ్చాడు.

"దర్జీది తప్పు లేదు. వెయ్యమన్న నీకు శిక్ష ఏమిటి మరి?"

"నా శిక్ష నా ఒంటిమీదే ఉంది ప్రభూ."

"నాకో?"

"తమది తాతగారి కత్తిమీద ఉంది."

రాయలు కత్తిని చూశాడు. కొమ్మయ్య ఒంటిమీది గీతలు చూశాడు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. తానిచ్చిన తీర్పును అందరూ విన్నారు, మింగేందుకు లేదు. ఆయన నవ్వాడు. ముందు కొంచెం, తరువాత గట్టిగా. రాజు నవ్వాడు గనక సభ కూడా నవ్వింది. తలారి లింగన్న కట్లు విప్పాడు.

"గట్టివాడివయ్యా. నీకు ఇంకో జరీ శాలువా ఇస్తున్నాను. ఈసారి సరిగ్గా కప్పుకో," అన్నాడు రాయలు.

కొమ్మయ్య శాలువా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. జనంలోంచి ఓబన్నను పిలిచి, జరీ పైకి వచ్చేలా అతని భుజాలమీద కప్పాడు.

"జరీ ఎక్కడుండాలో ముందు చెప్పినవాడు వీడు ప్రభూ. వీడికే చెల్లుతుంది."

రాయలు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఓబన్న దండం పెట్టబోయాడు. ఎడమచెయ్యి లేచింది, దాని పక్కన మొండి మణికట్టు లేచింది. శాలువా ఒక భుజం మీంచి జారింది. పట్టుకోవడానికి ఆ వైపు చెయ్యి లేదు.

లింగన్న మొద్దు దగ్గర్నుంచి లేచి వచ్చాడు. అతని మణికట్టు చుట్టూ తాడు గుర్తు ఇంకా ఎర్రగానే ఉంది. ఆ చేత్తోనే శాలువా తీసి అన్న భుజం మీద సర్దాడు, జారకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

రాయలు నవ్వు ఆపేశాడు. కొలువులో ఇంకెవరూ నవ్వలేదు. కత్తిని ఒరలో దోపబోయి, జరీ గుర్తొచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.