ఒక్క పుటకు చాలిన అక్షరాలు

ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఎబెనేజర్ గురువుగారికి లేదు. అమెరికా ఉత్తరాదిన, ఏటి ఒడ్డు పట్నంలో, బానిసత్వాన్ని ఎదిరిస్తూ పత్రిక నడిపే నల్లజాతి ముద్రాపకుడాయన. ఆయన దగ్గర అక్షరాలు కూర్చడం నేర్చుకుంటున్న కెజయా, దక్షిణాది నుంచి పారిపోయి వచ్చిన బానిస. బానిసత్వాన్ని సమర్థించే అల్లరిమూక ఆ పత్రిక అచ్చుయంత్రాన్ని ఏట్లోకి తోసేసిన మర్నాడు, ఆమె బురదలోంచి సీసపు అక్షరాలు ఏరుతూ అడిగింది.

“మాట్లాడే హక్కు అందరిదీ అని చట్టంలో ఉందంటారు కదా గురువుగారూ. మరి మన నోరెందుకు నొక్కేశారు?”

ఆమె కడుపుమంట ఊరికే వచ్చింది కాదు. వేలంలో అమ్ముడుపోయిన చెల్లెలు లేయా గురించి తన చేత్తో రాసిన మొట్టమొదటి కాగితం ఆ వారమే అచ్చు కావలసింది. చదివినవాళ్ళలో ఎవరో ఒకరు పిల్ల ఎక్కడుందో కబురు చెప్పకపోతారా అని ఆమె ఆశ.

“మధ్యాహ్నం తెల్లదొరల సభ ఉంది. ఆ కాగితం పట్టుకురా అమ్మా” అన్నారు గురువు.

సభ పెట్టింది ఈ దౌర్జన్యాన్ని ఖండించడానికే. నల్లవాళ్ళను మాత్రం ఎప్పటిలాగే పై గ్యాలరీలో కూర్చోబెట్టారు. కింద పెద్దమనుషులు వాక్స్వాతంత్ర్యం మీద రెండు గంటలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడారు. బాగానే మాట్లాడారు కూడా. కెజయా లేచి కాగితం విప్పింది. అధ్యక్షుడు మృదువుగా వారించాడు.

“నీ బాధ మాకు తెలుసమ్మా. కానీ ఇవాళ్టి విషయం వాక్స్వాతంత్ర్యం. బానిసల ఊసెత్తితే జనం రెచ్చిపోతారు, సభ పాడవుతుంది. కూర్చో.”

తన నోటి గురించి అంతమంది మాట్లాడుతుంటే తనొక్కతే నోరు మూసుకుని కూర్చోవలసి వచ్చినందుకు ఆమెకు ఒళ్ళు మండిపోయింది. దౌర్జన్యాన్ని ఖండించే తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. చప్పట్లు మోగాయి.

మర్నాడు పొద్దున్నే అధ్యక్షుడు ఆ తీర్మానం అచ్చువేసి పెట్టమని తెచ్చాడు. యంత్రం లేకపోయినా సిరా పూసి, కాగితం చేత్తో అద్ది తీయవచ్చు. కానీ దొరికిన అక్షరాలు ఒక్క పుటకే చాలుతాయి. తీర్మానం, తన కాగితం రెండూ పట్టుకుని కెజయా గురువు ముఖంలోకి చూసింది. ఆయన తీర్మానాన్ని ఆసాంతం శ్రద్ధగా చదివి, మడిచి, తిరిగి అధ్యక్షుడి చేతిలో పెట్టారు. కెజయా లేయా పేరుతో మొదలుపెట్టి అక్షరాలు కూర్చసాగింది.

అధ్యక్షుడి ముఖం మాడిపోయింది. “కాస్తయినా విశ్వాసం ఉండొద్దూ? నిన్న మేం గొంతు చించుకున్నది మీ కోసమే కదయ్యా!”

“విన్నామండీ” అన్నారు గురువు. “గ్యాలరీలో కూర్చుని, మొత్తం విన్నాం.”